పేడలో పుట్టిన ఇంద్రధనుస్సు

పేడపురుగును చూడని పల్లెటూరి పిల్లలు ఉండరు. తొలకరి వానలు పడి నేల మెత్తబడగానే పశువులు నడిచే బాటల మీద, పచ్చిక బీళ్లలో ఇవి ప్రత్యక్షమవుతాయి. తలకిందులుగా నిలబడి, వెనక కాళ్లతో పేడ ఉండను నెట్టుకుంటూ పోయే నల్లటి పురుగును చూసి నవ్వుకోవడం, పుల్లతో దాని దారికి అడ్డం పెట్టడం మనకు అలవాటే. దానికి అందం ఉంటుందని గానీ, అది మనకు ఏ విధంగానైనా పనికివస్తుందని గానీ సాధారణంగా ఎవరూ అనుకోరు.

ఇప్పుడు ఇంకో పురుగును ఊహించుకోండి. దాని పొడవు సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. తల బంగారు ఛాయ. మెడ వెనక డాలులా పరుచుకున్న భాగం తోమిన రాగి చెంబులా ఎర్రగా మెరుస్తుంది. వీపు మీది రెక్కల పెంకులు నెమలి మెడను గుర్తుకు తెచ్చే ఆకుపచ్చ. వీటన్నిటికీ తోడు నెత్తి మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు ఒక నల్లటి కొమ్ము, వెనక్కు వంగి ఉంటుంది. నగల పెట్టెలో పెడితే ఏ కంసాలి చేశాడో అని అడుగుతారు!

మరి ఇంతటి అందగాడు తినేదేమిటి? పేడే!

ఇది ఫానియస్ అనే ప్రజాతికి చెందిన పురుగు. అమెరికా ఖండాల ఉష్ణమండలం దీని పుట్టిల్లు. దీన్ని చూసినవారికి మూడు ప్రశ్నలు తోచక మానవు. పేడ తినే పురుగుకు ఆ రంగులు ఎలా వచ్చాయి? ఆ కొమ్ముతో దానికి ఏం పని? ఇలాంటి పురుగులు లేకపోతే లోకానికి వచ్చే నష్టమేమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

వెలుగు తెచ్చేవాడు

ఈ ప్రజాతికి 1819లో విలియం షార్ప్ మాక్లీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు "వెలుగు తెచ్చేవాడు" అని అర్థం. పేడలో బతికే పురుగుకు అంత గొప్ప పేరా అనిపిస్తుంది గాని, ఎండలో దాన్ని చూసినవారెవరూ ఆ పేరును తప్పు పట్టరు.

ఫానియస్ ప్రజాతిలో యాభైకి పైగా జాతులున్నాయి. మెక్సికో దేశంలో వీటి వైవిధ్యం అన్నిచోట్ల కంటే ఎక్కువ. దక్షిణాన బ్రెజిల్ వరకు ఇవి ఉన్నాయి. ఉత్తరాన మాత్రం కొన్ని జాతులు ఉష్ణమండలం దాటి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోకి కూడా చేరాయి. పైన మనం వర్ణించుకున్నది అలాంటిదే. దాని శాస్త్రీయ నామం ఫానియస్ విండెక్స్. అక్కడివారు దాన్ని ముద్దుగా "ఇంద్రధనుస్సు పురుగు" అంటారు.

వీటిలో చాలా జాతులు పగటిపూట తిరుగుతాయి. తలకు రెండు వైపులా పొట్టి స్పర్శశృంగాలు ఉంటాయి. వాటి చివర ఉన్న పలుచని రేకులు విసనకర్రలా తెరుచుకుంటాయి. పురుగుకు ముక్కు అదే. గాలిలో తేలివచ్చే పేడ వాసనను ఆ రేకులతో పసిగట్టి ఎగిరి వస్తుంది. ఆలస్యం చేస్తే లాభం లేదు. ఎందుకంటే పేడకు గిరాకీ ఎక్కువ! ఆఫ్రికాలో ఒకసారి శాస్త్రజ్ఞులు లెక్కపెట్టారు. కిలోన్నర ఏనుగు లద్దె మీద 16,000 పేడపురుగులు వాలి, రెండు గంటల్లో దాన్ని మాయం చేశాయి. ఈ సంగతి 1974లో ప్రచురించారు.

రంగు లేని రంగు

మందార పువ్వు ఎర్రగా ఎందుకుంటుంది? దానిలో ఎర్రటి రంగు పదార్థం ఉంది కాబట్టి. పువ్వును నలిపితే ఆ రంగు మన వేళ్లకు అంటుతుంది. కాని ఫానియస్ పెంకును ఎంత నూరినా ఆకుపచ్చ రంగు మన చేతికి అంటదు. ఆ మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, పెంకు కట్టుబడి వల్ల వచ్చింది.

సబ్బు నీటితో బుడగలు ఊది చూడండి. నీటికి రంగు లేదు, సబ్బు నురుగు తెల్లన. అయినా బుడగ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుస్తాయి. బుడగ పొర చాలా పలుచన. దాని పై అంచు నుంచి కొంత కాంతి, లోపలి అంచు నుంచి కొంత కాంతి తిరిగి వస్తాయి. ఈ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్ని రద్దయిపోతాయి. మిగిలిన రంగే మన కంటికి చేరుతుంది.

పురుగు పెంకులో జరిగేది కూడా ఇలాంటిదే. పెంకు కైటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. అందులో ఎన్నో పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య దూరం కాంతి తరంగపు పొడవుతో పోల్చదగినంత తక్కువ, అంటే మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతుల కంటే కూడా తక్కువ. పొరల మధ్య దూరం కాస్త తగ్గితే ఆకుపచ్చ, నీలం కనిపిస్తాయి. కాస్త పెరిగితే రాగి ఎరుపు కనిపిస్తుంది. అందుకే ఒకే జాతిలో కొన్ని పురుగులు ఆకుపచ్చగాను, కొన్ని ఎర్రగాను, అరుదుగా కొన్ని నీలంగాను పుడతాయి. ఈ రంగు చచ్చిపోయిన పురుగులో కూడా వెలవెలబోదు. మ్యూజియం పెట్టెలలో ఎన్నో ఏళ్లుగా ఉన్న పురుగులు నిన్న పట్టినట్టే మెరుస్తుంటాయి.

ఈ కుటుంబపు పెంకులలో ఇంకో చిత్రం ఉంది. కాంతి వేగాన్ని కొలిచిన ఆల్బర్ట్ మైకెల్సన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1911లో మధ్య అమెరికాకు చెందిన ఒక బంగారు వన్నె పెంకుపురుగును పరీక్షించాడు. దాని మీద పడి తిరిగివచ్చే కాంతి తరంగాలు మరమేకు చుట్లలా మెలి తిరుగుతూ వస్తున్నాయని కనిపెట్టాడు. కారణం తరువాత తెలిసింది. పెంకులోని పొరలు ఊరికే ఒకదాని మీద ఒకటి పడుకుని లేవు. ఒక్కో పొర తన కింది పొర కంటే కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది. గుండ్రని మెట్ల వరస పైకి పోతున్నట్టు అన్నమాట. ద్రవస్ఫటికాలు అనే పదార్థాలలో కూడా ఇలాంటి అమరికే ఉందని 1969లో నెవిల్, కేవ్నీ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. భౌతికశాస్త్రం వాళ్లు ప్రయోగశాలల్లో చూస్తున్న అమరికను పురుగు తన వీపు మీద మోస్తూ తిరుగుతోంది!

నేల కింద వంటిల్లు

పేడపురుగులన్నీ ఉండలు దొర్లించవు. మూడు రకాల కాపురాలున్నాయి. కొన్ని ఉండ చేసి దూరంగా దొర్లించుకుపోతాయి. కొన్ని పేడకడి లోపలే ఇల్లు కట్టుకుంటాయి. మరికొన్ని పేడ కిందనే నేలలోకి బొరియ తవ్వి, పేడను ముక్కలు ముక్కలుగా లోపలికి చేరవేస్తాయి. ఫానియస్ ఈ మూడో రకం. దాని ముందు కాళ్లు వెడల్పుగా, పలుగుల్లా పళ్లు తేలి ఉంటాయి. తల ముందు భాగం పారలా చదునుగా ఉంటుంది. పలుగూ పారా రెండూ ఒంటి మీదే ఉన్న కూలీ ఇది.

పిల్లల కోసం ఇల్లు కట్టేటప్పుడు ఆడపురుగు, మగపురుగు కలిసి పనిచేస్తాయి. బొరియ అడుగున ఆడపురుగు పేడను గట్టిగా అదిమి ఉండ చేస్తుంది. దాని చుట్టూ మట్టి పూత పూస్తుంది. పైభాగాన చిన్న గది ఉంచి, అందులో ఒకే ఒక గుడ్డు పెడుతుంది. మన ఇళ్లలో ఈగలు వందల గుడ్లు పెట్టి ఎగిరిపోతాయి. పేడపురుగు అలా కాదు. కొద్ది గుడ్లు పెట్టి, ఒక్కొక్కదానికి ఇల్లూ తిండీ అమర్చి పెడుతుంది.

గుడ్డు నుంచి వచ్చిన డింభకం తెల్లగా, వంకర తిరిగి, వీపున గూనితో ఉంటుంది. చుట్టూ ఉన్న గోడే దానికి అన్నం. తింటూ తింటూ గోడను లోపలి నుంచి పలుచన చేస్తుంది కాని, బయటికి కన్నం పడకుండా జాగ్రత్తపడుతుంది. ఎక్కడైనా పగులు వస్తే తన విసర్జనతోనే మేస్త్రీలా పూడ్చుకుంటుంది. తరువాత ఆ ఉండలోనే ప్యూపాగా మారి, చివరకు రెక్కలు, రంగులు, మగదైతే కొమ్ముతో సహా బయటపడుతుంది.

కుమ్మరి పురుగు

ఫ్రాన్స్ దేశంలో ఫాబ్ర్ అనే బడిపంతులు ఉండేవాడు. 1823లో పుట్టి 1915 వరకు జీవించాడు. జీవితమంతా పురుగులను చూడటంలో గడిపి, వాటి కథలను పెద్ద పెద్ద సంపుటాలుగా రాశాడు. బ్యూనస్ ఐరెస్ నగరంలోని ఒక విద్యాలయానికి చెందిన బ్రదర్ జుడ్యూలియాఁ ఆయనకు అర్జెంటీనా మైదానాల నుంచి పేడపురుగులను, వాటి గూళ్లను పంపేవాడు. వాటిలో ఆయన కాలంలో ఫానియస్ మైలాన్ అని పిలిచిన పెద్ద పురుగు ఒకటి. ఇప్పుడు దాన్ని కొప్రోఫానియస్ అనే దగ్గరి బంధువుల ప్రజాతిలో చేర్చారు.

ఆ గూటిని చూసి ఫాబ్ర్ ఆశ్చర్యపోయాడు. అది మట్టితో చేసిన సొరకాయ బుర్ర! కుమ్మరి సారె లేదు, చెయ్యి లేదు. అయినా బొడిపెలు లేని నున్నటి గుండ్రం. ఈ పురుగు పేడకు బదులు చచ్చిన జంతువుల మాంసాన్ని పిల్లలకు దాచిపెడుతుంది. బుర్ర కడుపులో మాంసపు ముద్ద, దాని చుట్టూ దట్టమైన మట్టి గోడ, మెడ భాగంలో గుడ్డుకు వేరే గది. ఎండలు మండే ఆ మైదానాలలో తిండి ఎండిపోతే బిడ్డకు చావే. వేసవిలో మనం కుండలో నీళ్లు పోసి ఉంచుతాం. ఆ తల్లి పురుగు కుండలో మాంసం పెట్టి ఉంచుతుంది.

కొమ్ము దేనికి?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఫానియస్ మగపురుగుకు కొమ్ము ఉంటుంది. ఆడదానికి ఆ చోట చిన్న గట్టు మాత్రమే ఉంటుంది. నేల తవ్వడానికే కొమ్ము అయితే, మగదాని కంటే ఎక్కువ తవ్వే ఆడదానికి ఉండాలి కదా! కాబట్టి అది తవ్వే పనిముట్టు కాదు.

చార్లెస్ డార్విన్ ఈ సమస్యను 1871లో వచ్చిన తన పుస్తకం "మానవ అవతరణ"లో చర్చించాడు. ఫానియస్ పురుగుల బొమ్మ కూడా అందులో వేశాడు. కొమ్ములు పోట్లాటలకే అయితే వాటి మీద గాయాలు, అరుగుదలలు కనిపించాలి. అలాంటి గుర్తులు చాలినన్ని దొరకలేదు. పైగా ఒకే జాతి మగపురుగులలో కొన్నిటికి పొడవాటి కొమ్ము, కొన్నిటికి నామమాత్రంగా బుడిపె. ఆయుధమైతే ఇంత తేడా ఉంటుందా? అందుచేత కొమ్ము నెమలి పింఛం లాంటి అలంకారం అయి ఉంటుందని ఆయన తీర్మానించాడు.

డార్విన్ అంతటివాడు చెప్పాక తిరుగేముంది? అయితే విజ్ఞానశాస్త్రంలో ఎంతటివారి మాటనైనా కంటితో చూసి సరిచూసుకోవలసిందే. ఇక్కడ చిక్కేమిటంటే, పోట్లాట జరిగేది నేల కింద, చీకటి బొరియలో. పైనుంచి చూసేవారికి ఏమీ కనబడదు. 1978లో పామర్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో ఉండే మూడు కొమ్ముల పేడపురుగు బొరియలో నిజంగానే పోట్లాడుతుందని ప్రకటించాడు. ఆ తరువాత ఉష్ణమండలపు పురుగుల మీద దృష్టి పడింది.

పనామా కాలువ కట్టినప్పుడు నీళ్లు నిండి ఒక కొండ దీవిగా మిగిలిపోయింది. దాని పేరు బారో కొలరాడో. ఆ దీవి అడవిలో అరుపు కోతులుంటాయి. వాటి పెంట మీద బతికే చిన్న పేడపురుగు ఆంతోఫేగస్ అక్యుమినేటస్. అమెరికాకు చెందిన డగ్లస్ ఎమ్లెన్ అక్కడ దాన్ని పరిశీలించాడు. రెండు గాజు పలకల మధ్య సన్నగా మట్టి నింపి, పైన కోతి పెంట పెట్టి, పురుగులను వదిలాడు. పురుగులను కలవరపెట్టని ఎర్రటి వెలుతురులో కూర్చుని చూశాడు. నేల కింది నాటకం తెర మీద బొమ్మలా కనిపించింది.

బొరియ అడుగున ఆడపురుగు ఉండలు చేస్తూ ఉంటుంది. పెద్ద కొమ్ములున్న మగపురుగు వాకిట్లో కాపలా కాస్తుంది. ఇంకో మగపురుగు వస్తే తలలు ఆనించి నెట్టుకుంటాయి. పొట్టేళ్ల పందెం లాంటిదే, కాని ఇరుకు సందులో. కాళ్లు గోడలకు తన్నిపెట్టి, కొమ్ముతో దారి అడ్డగించి, ఎదుటివాణ్ణి బయటికి తోసేదాకా వదలవు. కొమ్ము గుచ్చే కత్తి కాదు, తలుపుకు వేసే అడ్డగడియ. గాయాలు డార్విన్‌కు ఎందుకు కనబడలేదో ఇప్పుడు అర్థమైందా?

ఇలా నెట్టుకునే పురుగుకు ఎంత బలం కావాలో ఊహించండి. ఆంతోఫేగస్ టారస్ అనే కొమ్ముల పేడపురుగు బలాన్ని రాబ్ నెల్, లీ సిమ్మన్స్ కొలిచి 2010లో ప్రకటించారు. అది తన బరువుకు 1,141 రెట్లు బరువును లాగగలిగింది. అంటే 60 కిలోల మనిషి దాదాపు 68 టన్నులు లాగినట్టు!

కొమ్ము లేనివాడి ఉపాయం

మరి కొమ్ము లేని చిన్న మగపురుగుల గతి ఏమిటి? అవి వాకిట్లో పోట్లాటకే దిగవు. పక్కన వేరే బొరియ తవ్వి, కాపలావాడి వెనక నుంచి అసలు బొరియలోకి సందు కలిపి, ఆడపురుగును చేరుకుంటాయి. అలాంటి దొంగదారిలో కొమ్ము ఉంటే అడ్డమే. పాకి పోవడానికి నున్నటి తలే మేలు. పెద్దవాడికి కొమ్ము బలం, చిన్నవాడికి కొమ్ము లేకపోవడమే బలం. డార్విన్‌ను తికమకపెట్టిన తేడా వెనక ఉన్న రహస్యం ఇదే.

పెద్ద కొమ్ము తండ్రికి పెద్ద కొమ్ము కొడుకే పుడతాడా? ఎమ్లెన్ పరీక్షించి చూశాడు. డింభకాలకు కొన్నిటికి ఎక్కువ పేడ, కొన్నిటికి తక్కువ పేడ ఇచ్చి పెంచాడు. కడుపునిండా తిన్నవి పెద్దగా పెరిగి కొమ్ములు తెచ్చుకున్నాయి. తిండి చాలనివి చిన్నగా, కొమ్ము లేకుండా మిగిలాయి. తండ్రి కొమ్ము పొడవుతో సంబంధం కనబడలేదు. తల్లిదండ్రులు దాచిపెట్టిన పేడ ముద్ద ఎంతన్నదే కొడుకు రూపాన్ని నిర్ణయించింది.

కొమ్ము ఊరికే రాదు కూడా. డింభకం తినడం మానేసి ప్యూపాగా మారే ముందు కొద్ది రోజుల్లోనే కొమ్ము పెరుగుతుంది. కొత్త తిండి రాదు, ఉన్న నిల్వలోంచే అన్ని అవయవాలూ పంచుకోవాలి. ఒక పళ్లెం అన్నం నలుగురు అన్నదమ్ములు పంచుకున్నట్టు, ఒకరు ఎక్కువ తింటే పక్కవారికి తక్కువ. కొమ్ము తల మీద ఎక్కడ మొలుస్తుందో దాన్నిబట్టి పక్కనున్న కళ్లో, స్పర్శశృంగాలో, రెక్కలో చిన్నబోతాయని ఎమ్లెన్ 2001లో చూపించాడు. ఆయుధం కావాలంటే చూపులోనో, వాసన పట్టడంలోనో, ఎగరడంలోనో కొంత వదులుకోవాలి!

పురుగులు లేని దేశం

ఇక మూడో ప్రశ్న. పేడపురుగులు లేకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు చెప్పిన దేశం ఒకటుంది. అది ఆస్ట్రేలియా.

ఆస్ట్రేలియాలో మొదట పశువులు లేవు. అక్కడి కంగారూలు మేక పెంటికల్లాంటి ఎండు పెంటికలు వేస్తాయి. స్థానికంగా ఉన్న పేడపురుగులు వాటికే అలవాటు పడ్డాయి. 1788లో ఐరోపావారు వచ్చి ఆవులను తెచ్చారు. ఒక్కో ఆవు రోజుకు పది పన్నెండు సార్లు పేడ వేస్తుంది. ఈ తడి పేడను చాలా స్థానిక పురుగులు ముట్టుకోలేదు. పేడకడులు నెలల తరబడి ఎండి గట్టిపడి బీళ్లలో పేరుకుపోయాయి. వాటి కింద గడ్డి మొలవలేదు. వాటిలో ఈగలు లెక్కకు మించి పెరిగాయి. మనుషులు ముఖం మీద వాలే ఈగలను తోలుకోలేక అవస్థపడ్డారు.

1950ల మొదట్లో హంగరీ నుంచి వచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుడు ఈ ఎండిన పేడను చూసి ఆశ్చర్యపోయాడు. తన దేశంలో పేడపురుగులు ఇలాంటిదాన్ని చూస్తుండగానే మాయం చేసేవి. పశువుల పేడకు అలవాటు పడిన పురుగులను పరదేశాల నుంచి తెద్దామని ఆయన ప్రతిపాదించాడు. ఆ దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ 1965 నుంచి 1985 వరకు ఆ పని చేసింది. పురుగులతో పాటు రోగాలు రాకూడదు కదా! అందుకని గుడ్లను మాత్రమే తీసుకుని, మందుతో శుభ్రం చేసి, చేతితో చేసిన పేడ ఉండలలో పెట్టి పొదిగించారు. అలా తెచ్చినవాటిలో 23 జాతులు అక్కడ స్థిరపడ్డాయి. మనం చెప్పుకున్న బలశాలి ఆంతోఫేగస్ టారస్ వాటిలో ఒకటి.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పేడపురుగులు చేసే పనికి వెల కట్టి 2006లో లెక్క వేశారు. అక్కడి పశుపోషకులకు ఏటా 38 కోట్ల డాలర్లు మిగులుతున్నాయని తేలింది. కూలి అడగని కూలీలు ఇవి!

కోతి, పండు, పురుగు

ఉష్ణమండల అడవిలో వీటి పని ఇంకా గొప్పది. కోతులు చెట్ల పళ్లు తిని, గింజలను పెంటలో విడుస్తాయి. పైన పడి ఉన్న గింజను ఎలుకలు వెతికి తినేస్తాయి. ఫానియస్, దాని బంధువులు పెంటను నేలలోకి దించినప్పుడు గింజ కూడా లోపలికి పోతుంది. ఎలుక కంట పడదు. చుట్టూ ఎరువు, పైన మెత్తటి మట్టి. గింజ మొలకెత్తుతుంది. పురుగుకు కావలసింది పేడ మాత్రమే, గింజను నాటాలన్న ఆలోచన దానికి లేదు. అయినా అడవిని నాటుతున్నది అదే.

ఈ గొలుసులో ఒక కడియం తెగితే మిగతావీ సడలిపోతాయి. వేటగాళ్లు కోతులను చంపేస్తే పెంట తగ్గుతుంది. పెంట తగ్గితే పురుగులు తగ్గుతాయి. పురుగులు తగ్గితే నాటే చేతులు తగ్గుతాయి. అడవిని నరికి బీడు చేస్తే, నీడకు అలవాటు పడిన జాతులు ఎండకు తట్టుకోలేవు. మెక్సికోలో గొంజాలో హాల్ఫ్టర్ అనే శాస్త్రజ్ఞుడు దశాబ్దాల పాటు పేడపురుగుల జీవితాన్ని పరిశోధించాడు. ఆయన పనితో ఉత్సాహం పొందిన ఎందరో పరిశోధకులు ఇప్పుడు ఒక అడవి ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి అక్కడ ఎన్ని రకాల పేడపురుగులు ఉన్నాయో లెక్కపెడుతున్నారు. వైద్యుడు నాడి చూసినట్టన్నమాట.

మందు వల్ల ముప్పు

ఇంకో ప్రమాదం మనిషి మంచికని చేసిన పని వల్లే వచ్చింది. పశువుల కడుపులోని నులిపురుగులను, ఒంటి మీది పిడుదులను చంపడానికి ఐవర్‌మెక్టిన్ అనే మందు 1980లలో వాడకంలోకి వచ్చింది. అది గొప్ప మందు. మనుషులలో కూడా కళ్లు పోగొట్టే ఒక రోగాన్ని అదుపు చేసింది. దాన్ని కనిపెట్టినందుకు కాంప్‌బెల్, ఓమురా అనే శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే పశువు ఒంట్లోకి పోయిన ఆ మందులో చాలా భాగం పేడతో బయటికి వస్తుంది. ఆ పేడ తిన్న డింభకాలు బతకవు. మందు వేసిన పశువుల పేడ మిగతా పేడలా త్వరగా మట్టిలో కలవలేదని 1987లోనే బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన దేశంలో రాబందుల సంగతి గుర్తుందా? పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫినాక్ వల్ల వాటి కళేబరాలు తిన్న రాబందులు కోట్ల సంఖ్యలో చనిపోయాయి. 2006లో ఆ మందును పశువులకు వాడటం నిషేధించారు. కనబడని చిన్న పురుగుల విషయంలో కూడా అదే జాగ్రత్త కావాలి. మందు మానమని కాదు. అవసరమైన పశువుకే, అవసరమైనప్పుడే, పశువైద్యుడి సలహాతో ఇవ్వాలి. పురుగులు ఎక్కువగా గుడ్లు పెట్టే తొలకరి రోజులలో ఊళ్లోని పశువులన్నిటికీ ఒకేసారి వేయకుండా చూడాలి.

మన బీళ్లలో కొమ్ములు

ఫానియస్ మన దేశంలో లేదు. కాని కొమ్ముల పేడపురుగులు మనకూ ఉన్నాయి. రెండు వేలకు పైగా జాతులున్న ఆంతోఫేగస్ ప్రజాతి మన పొలాల్లోనూ ఉంది. కాథర్సియస్ అనే నల్లటి పెద్ద పురుగు మగదానికి నెత్తిన కొమ్ము ఉంటుంది. ఏనుగు లద్దెతో, పశువుల పేడతో గూడు కట్టే హీలియోకాప్రిస్ మన దేశంలోని అతి పెద్ద పేడపురుగులలో ఒకటి. దాని మట్టి ఉండలను తొలిసారి తవ్వి తీసినవాళ్లు పాతకాలపు రాతి ఫిరంగి గుండ్లని పొరబడ్డారట!

ఒక్క హెచ్చరిక. కోనసీమ కొబ్బరి తోటల్లో రైతులు "కొమ్ము పురుగు" అనేది వేరు. అది కొబ్బరి మొవ్వును తొలిచి పాడుచేస్తుంది. దానికీ కొమ్ము ఉంది, దాని డింభకాలూ పెంటకుప్పల్లోనే పెరుగుతాయి, అయినా అది పేడపురుగు కాదు. కొమ్మును చూసి రెంటినీ ఒకే గాట కట్టకండి.

ఈసారి తొలకరికి ఈ చిన్న పని చేసి చూడండి. మందు వేయని పశువు వేసిన తాజా పేడకడిని ఎంచుకుని, పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. మొదటి రోజు గంటకోసారి, ఆ తరువాత రోజుకోసారి చూసి మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఎన్ని రకాల పురుగులు వచ్చాయి? దొర్లించేవి ఎన్ని, తవ్వేవి ఎన్ని? చుట్టూ కొత్త మట్టి కుప్పలు లేచాయా? ఎన్ని రోజులకు పేడ మాయమైంది? దొరికితే ఒక కొమ్ము పురుగును భూతద్దంతో చూసి, మళ్లీ అక్కడే వదిలేయండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ స్నేహితులు వేరే ఊళ్లో ఇదే పని చేస్తే, రెండు ఊళ్ల లెక్కలు పోల్చి చూడండి. ఏ ఊరి బీడు ఆరోగ్యంగా ఉందో ఆ పురుగులే మీకు చెబుతాయి.